పక్కింట్లో తోడు అడగలేని చోట

హోస్ట్: హాయ్ అండి అందరికీ, ఈ వారం మనతో ఉన్న అక్క బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ, శనివారాలు వైజాగ్‌లో గాజువాక, మధురవాడ వైపు హైస్కూళ్ళకెళ్ళి పిల్లలకి సింథటిక్ బయాలజీ, అంటే జీవుల జన్యువులు మార్చి మనకి కావాల్సిన పని చేయించుకోవడం గురించి చెప్తోంది, అదీ అంగారకుడి మీద మనుషులు ఉండాలంటే అనే కోణంలో. అక్కా, తొమ్మిదో తరగతికి ఇదెక్కుతుందా?

అక్క: ఎక్కుతుందిరా, ఎక్కడ మొదలెడతామన్నదే. మొదటిసారి డీఎన్‌ఏ బొమ్మతో మొదలెట్టా, పది నిమిషాలకి వెనక బెంచీలన్నీ కిటికీ వైపు తిరిగిపోయాయి. రెండోసారి, మీ ఇంట్లో రాత్రి పాలు ఎవరు తోడేస్తారు అని అడిగా, అంతే, క్లాసంతా చేతులే.

హోస్ట్: తోడుకీ అంగారకుడికీ ఏంటి సంబంధం?

అక్క: చెంచాడు తోడుతో గిన్నెడు పెరుగొస్తుంది కదా. అక్కడికి వెళ్ళడానికే ఆరేడు నెలలు, అన్నీ మోసుకెళ్ళలేం, పైగా విటమిన్లు నిల్వ ఉంచేకొద్దీ పాడవుతాయి. అందుకే నాసా వాళ్ళు 2019లో బయోన్యూట్రియెంట్స్ అని ఒక ప్రయోగం స్పేస్ స్టేషన్‌కి పంపారు, ఎండబెట్టిన ఈస్ట్ అనే సూక్ష్మజీవీ దాని తిండీ చిన్న ప్యాకెట్లో పెట్టి, ఆస్ట్రోనాట్లు నీళ్ళు కలిపి రెండ్రోజులు వెచ్చగా ఉంచుతారు, అది పెరిగి జియాజాంతిన్ అనే పదార్థం తయారుచేస్తుంది, కంటికి మంచిది. ఇంకా తాగట్లేదులే, గడ్డకట్టించి టెస్టులకి కిందకి పంపుతారు. 2022లో వెళ్ళిన రెండో విడతలో అయితే పెరుగు కూడా ఉంది!

హోస్ట్: మామూలు ఈస్ట్ ఆ పని చెయ్యదా?

అక్క: చెయ్యదు, సింథటిక్ బయాలజీ అక్కడే. జియాజాంతిన్ తయారుచెయ్యడానికి కావాల్సిన జన్యువుల్ని ఈస్ట్‌లో పెట్టారు. మన బీచ్ రోడ్డులో బొగ్గుల మీద కాల్చి నిమ్మచెక్క రాసిస్తారే మొక్కజొన్న పొత్తు, ఆ పసుపులో ఉండేది కూడా జియాజాంతినే, ఆ పేరు కూడా మొక్కజొన్న శాస్త్రీయ నామం జియా మేస్ నుంచే వచ్చింది. ఇది చెప్పాక ఒక బాబు, అయితే ఈస్ట్‌కి పొత్తు పని నేర్పించారన్నమాట అన్నాడు. నేను అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

హోస్ట్: అబ్బ, సూపర్.

అక్క: మన బీచ్‌లో ఉన్న కురుసుర సబ్‌మెరీన్‌ని కూడా వాడతా. 2002 నుంచి మ్యూజియంగా ఉంది కదా, సగం మంది లోపలికెళ్ళి చూసినవాళ్ళే. సబ్‌మెరీన్‌లో గాలి, నీళ్ళు, తిండి అన్నీ లెక్కే, కానీ అది ఎప్పటికో పైకి తేలి మన ఒడ్డుకొస్తుంది. అంగారకుడి మీద గాలి 95 శాతం కార్బన్ డయాక్సైడే, అక్కడ దాన్నే తిని ఆక్సిజన్ వదిలే సయనోబ్యాక్టీరియా లాంటివి కావాలి. 2025లో మన శుభాంశు శుక్లా స్టేషన్‌కి వెళ్ళినప్పుడు వాటి మీద కూడా ప్రయోగం చేశాడు, ఆ మాట చెప్పగానే పిల్లల మొహాలు చూడాలి నువ్వు.

హోస్ట్: నిన్ను ఆపేసిన ప్రశ్న ఏదైనా?

అక్క: ఉంది. ఒక పాప లేచి, అక్కా, మాకు తోడు అయిపోతే గ్లాసట్టుకుని పక్కింటికెళ్తాం, అక్కడ పాడైపోతే ఏటి చేస్తారు అంది. అసలు ఆ బయోన్యూట్రియెంట్స్ ప్రయోగం పెట్టిందే దానికి రా! కొన్ని ప్యాకెట్లు స్టేషన్‌లోనే అలా ఉంచేసి, మధ్యమధ్యలో ఒకటి తీసి ఇంకా పెరుగుతోందా అని చూడాలని, అయిదేళ్ళ ప్లాన్ వేసుకున్నారు.

హోస్ట్: పాప ఏమంది?

అక్క: తోడు ఎండబెట్టి పొడి చేసి వచ్చే శనివారం తెస్తా అంది. పాలు నేను పట్టుకెళ్తున్నా.