గోడ అవతల ఒడియా, ఫోన్‌లో తెలుగు

సభకు నమస్కారం.

సోషల్ మీడియా మన బతుకుల్ని ఎలా మారుస్తోందో చెప్పమని పిలిచారు. పిల్లలు ఫోన్లకు అతుక్కుపోతున్నారని, నిద్రలు పాడవుతున్నాయని మీరు ఇదివరకే ఎందరి నోటో విన్నారు. నిజమే, కానీ ఆ బాధ ఏ ఊళ్ళోనైనా ఒకటే. ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, రాయగడ లాంటి చోట్ల ఉన్న మన తెలుగువాళ్ళకి ఇంకో సంగతి కూడా జరుగుతోంది. ఎక్కడో ఉన్న తెలుగువాళ్ళు మనకి దగ్గరయ్యారు. పక్కింట్లో ఉన్న ఒడియావాళ్ళు దూరమవుతున్నారు. ఈ రెండు పనులూ ఒకే ఫోన్ చేస్తోంది.

ముందు దగ్గరవడం గురించి చెబుతాను. అది చిన్న మేలేం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి ఇటు ఒడిశాలోకి వచ్చింది, కూతవేటు దూరంలోని పాతపట్నం అటు తెలుగువైపే ఉండిపోయింది. అది ఒప్పుకోలేక గిడుగు రామమూర్తిగారు ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన ఈ ఊరిని విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. మన పెద్దలు ఇక్కడే ఉన్నారు. ఆడపిల్లల్ని పాతపట్నానికి, టెక్కలికి ఇచ్చారు, అక్కణ్ణించి కోడళ్ళని తెచ్చుకున్నారు. బళ్ళో మాత్రం చాలామంది ఒడియాయే చదువుకున్నారు. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడుతూ, తెలుగు అక్షరం కనబడితే మాత్రం తడుముకునే తరాలు అలా తయారయ్యాయి.

నేను పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాను. సూరత్ నుంచి మనియార్డర్లు వచ్చే రోజులు చూశాను. మన గంజాం, గజపతి జిల్లాల కుర్రాళ్ళు అక్కడి పవర్‌లూమ్‌లలో పనికి వెళ్ళడం మీకు తెలిసిందే. మనియార్డరు ఫారంలో కబురు రాయడానికి చిన్న జాగా ఉండేది, రెండు మూడు ముక్కలు పట్టేవి. భర్త తెలుగులో రాసేవాడు. భార్యకి వచ్చింది ఒడియా అక్షరాలు. డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టాక, "ఏటి రాసాడు బాబూ, కాస్త చదివి పెట్టవా" అనేది. "ఒంట్లో బాగానే ఉంది, చిన్నోడికి చొక్కా కుట్టించు" అని చదివేవాణ్ణి. మొగుడి మాట మూడో మనిషి నోటి నుంచి వినాల్సి రావడం ఎంత ఇబ్బందో ఆమె ముఖంలో తెలిసేది. జవాబు రాసిపెడతానంటే, "బాగున్నామని రాయి, చాలు" అనేది. అసలు చెప్పాల్సింది చెప్పేదే కాదు.

ఇవాళ అలాంటి ఇంట్లో కోడలు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడుతుంది. అలుగుతుంది, నవ్వుతుంది, డబ్బు ఆలస్యమైతే గట్టిగా అడుగుతుంది. మధ్యలో నాలాంటివాడితో పని లేదు. ఈ ఒక్క మేలుకే నేను చేతులెత్తి మొక్కుతాను. 2016లో డేటా చవకయ్యాక వీడియో కాల్ పేదవాడికీ అందింది. 2020 లాక్‌డౌన్‌లో చెక్‌పోస్టులు మూసేసినప్పుడు పక్క ఊళ్ళో ఉన్న తల్లి ముఖం కూతురు ఫోన్‌లోనే చూసుకుంది. కొండ మీద సవరలకు కూడా ఇందులో వాటా ఉంది. మంగేయి గొమాంగో 1936లో వాళ్ళ భాషకి కూర్చిన సొరంగ్ సొంపెంగ్ లిపి 2012లో ఫోన్లు, కంప్యూటర్లు వాడే అక్షరాల పట్టిక యూనికోడ్‌లో చేరింది. వాళ్ళ అక్షరాలు ఫోన్‌లోకి రావడానికి అలా దారి పడింది.

ఇక రెండో సంగతి. జూన్ నడుమ వచ్చే రజ పండగ తలుచుకోండి. ఒడియావాళ్ళ పండగే అయినా మన ఆడపిల్లలు ఎప్పుడైనా పరాయిగా అనుకున్నారా? మా వీధి చివర మర్రిచెట్టుకి ఉయ్యాల వేస్తే రెండు భాషల పిల్లలూ ఒకే వరసలో నిలబడేవాళ్ళు. పక్కింటి మౌసీ ముందు రాత్రే బియ్యం, మినప్పిండిలో బెల్లం, కొబ్బరి ముక్కలు కలిపి, ఆకుల్లో చుట్టి, నిప్పుల మీద పెట్టేది. తెల్లవారేసరికి అంచులు నల్లగా మాడి, లోపల తేనెరంగులో పోడా పిఠా సిద్ధం. మా ఇంటి వాటా గోడ మీంచి వచ్చేది. ఆ గిన్నె ఖాళీగా తిరిగి వెళ్ళకూడదు కనుక మా అమ్మ ఏదో ఒకటి వేసి పంపేది. సంక్రాంతికి మన అరిసెలు అటు వెళ్ళేవి. వాళ్ళూ అరిసా పిఠా వండుతారు, అయినా ఎవరి పాకం ఎలా కుదిరిందో రుచి చూడాలిగా.

మొన్నటి రజ పండగ పొద్దున్న మౌసీ కోడలు పోడా పిఠా ఫోటో స్టేటస్‌లో పెట్టింది. మా ఇంట్లో అందరం చూశాం. మా కోడలు దానికి హృదయం గుర్తు పెట్టింది, ఆ అమ్మాయి నమస్కారం గుర్తు పెట్టింది. పిఠా ఇటు రాలేదు, మేమూ అటు వెళ్ళలేదు. ఎవరికీ కోపాల్లేవు. చూశాం, పలకరించాం, ఆ పని అయిపోయిందనిపించింది. నన్ను భయపెట్టేది సరిగ్గా ఇదే. కొట్లాట వచ్చి మాటలు ఆగిపోతే పెద్దమనుషులు కూర్చుని కలుపుతారు. ఇక్కడ కలపడానికి తగువే లేదు.

ఫోన్ మనల్ని భాషవారీగా విడదీసే తీరు కూడా గమనించండి. మనం దేని దగ్గర ఎక్కువసేపు ఆగితే అలాంటివే మళ్ళీ మళ్ళీ చూపిస్తుంది. మనం ఎంతసేపు చూస్తే ఆ కంపెనీలకి అంత ప్రకటనల ఆదాయం. దాంతో మన కుర్రాడి రీల్స్ నిండా హైదరాబాదు, పక్కింటి కుర్రాడి రీల్స్ నిండా భువనేశ్వర్. ఒకే అరుగు మీద పక్కపక్కనే కూర్చుని ఇద్దరూ చెరో రాష్ట్రంలో ఉంటారు. మనవాడికి తన ఊరి యాస కూడా మోటుగా వినిపిస్తోంది.

చావు కబురు కూడా మారింది. ఇదివరకు ఇంట్లో ఏడుపు వినిపిస్తే ముందు పరిగెత్తుకొచ్చేది గోడ అవతలివాళ్ళే. వెదురు తేవడం, పాడె కట్టడం, భుజం పట్టడం, ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో అన్నం వండి పంపడం, అన్నిటికీ వాళ్ళుండేవాళ్ళు. ఈమధ్య మాకు తెలిసిన ఒక పెద్దాయన పోతే కబురు తెలుగువాళ్ళ గ్రూపులో పెట్టారు. ఓం శాంతి అని విశాఖ నుంచి, బెంగళూరు నుంచి, అమెరికా నుంచి మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. మోయడానికి మనుషులు చాలక శవాన్ని వాకిట్లో ఉంచుకుని ఎదురుచూశారు. వెనక వీధిలో ఆయనతో ముప్పై ఏళ్ళు చీట్లపేక ఆడిన ఒడియా మిత్రుడు గ్రూపులో లేడు. ఆయనకి సాయంత్రం తెలిసింది. వచ్చి, "నాకెందుకు చెప్పలేదు" అని ఏడ్చాడు. మా దగ్గర జవాబు లేదు.

ఇంత ఎడం పెరిగాక పుకారు రావడం తేలిక. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని వాట్సాప్‌లో తిరిగిన అబద్ధాలకి దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ తర్వాతే ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదు చాట్‌లకి మించి పంపకుండా కట్టడి పెట్టారు. "పక్క రాష్ట్రం నుంచి ఎవరో వచ్చారట" అన్న మాట ఎక్కడైనా ప్రమాదమే. మన దగ్గర సంతకి వచ్చేవాళ్ళలో సగం మంది పక్క రాష్ట్రం వాళ్ళే. ముఖం తెలిసిన పొరుగువాడు ఒక్కడున్నా "వీడు మనవాడే" అని అడ్డం నిలబడతాడు.

అందుకే ఫోన్లు పక్కన పడేయమని నేను అడగను. వీధికో గ్రూపు పెట్టండి, అందులో రెండు భాషలవాళ్ళూ ఉండాలి. మంచి కబురైనా చెడు కబురైనా ముందు అందులో వెయ్యండి, మన కులం గ్రూపు, తెలుగు గ్రూపు ఆ తర్వాత. శుభలేఖ దూరపు చుట్టాలకి ఫోన్‌లో పంపినా, మన వీధిలోవాళ్ళని మాత్రం ఇంటికెళ్ళి బొట్టు పెట్టి పిలవండి.

వచ్చే రజ పండక్కి ఈ హాలు వెనక చెట్టుకి ఉయ్యాల వెయ్యడానికి నిర్వాహకులు ఒప్పుకున్నారు. తాళ్ళు, పీటలు నేను తెస్తాను. ఇంటింటికీ ఇచ్చే పిలుపు చీటీ తెలుగులోనూ ఒడియాలోనూ రాయాలి. ఒడియా దస్తూరి బాగుండే పిల్లలు ఇద్దరు కావాలి. సభ అయ్యాక ఒకసారి నన్ను కలవండి.