వెన్ను ఆపరేషన్‌లో ఊపిరి సంగతి

నమస్కారం. నేను విశాఖలో మత్తు డాక్టర్ని. వెన్ను వంకర ఆపరేషన్‌కి పిల్లల్ని తీసుకొచ్చేవాళ్ళు దాదాపు అందరూ అడిగేది ఒక్కటే: "సార్, కాళ్ళు పడిపోవు కదా?" మొన్న గాజువాక నుంచి వచ్చిన ఒక నాన్న కూడా అదే అడిగాడు. ముందు రోజు రాత్రి నాకు టెన్షన్ పెట్టేది మాత్రం ఊపిరితిత్తులు.

వెన్నెముక పక్కకి ఒంగడాన్ని స్కోలియోసిస్ అంటారు. ఎక్స్‌రేలో వంపు 50 డిగ్రీలు దాటితే సాధారణంగా ఆపరేషన్ మాట వస్తుంది. వెన్నుతో పాటు పక్కటెముకలూ మెలి తిరుగుతాయి, ఊపిరితిత్తి విప్పారే చోటు తగ్గిపోతుంది.

ముందు ఊపిరి పరీక్ష చేస్తాం. పిల్ల ఎత్తుని బట్టే మెషిన్ లెక్కలు కడుతుంది. ఒంగిన వెన్నుతో గోడకి నిలబెట్టి కొలిస్తే ఎత్తు తక్కువొస్తుంది, ఊపిరితిత్తులు ఉన్నదానికన్నా బాగున్నట్టు కనిపిస్తాయి. అందుకని చేతులు బార్లా చాపించి, ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా కొలుస్తాం.

ఇక థియేటర్. పిల్ల బోర్లా ఉంది, వీపు తెరిచి ఉంది. రక్తంలో ఆక్సిజన్ 99 శాతం నుంచి 90కి దిగింది. ఊపిరి ఆడించే మెషిన్ ఆపి, చేత్తో నొక్కి గాలి పంపే బ్యాగు తీసుకుంటాను. మెత్తగా ఉండాల్సింది గట్టిగా తగులుతోంది. గాలి పంపడానికి శ్వాసనాళంలో వేసిన గొట్టం మడత పడిందా? జారి కుడి ఊపిరితిత్తిలోకే వెళ్ళిందా? కఫం అడ్డుపడిందా? దొంగ ఎక్కువసార్లు ఇక్కడే దొరుకుతాడు. ఆ నిమిషంలో ముందుగా అరుదైన జబ్బు పేరు చెప్పే జూనియర్ మీద నాకు చిరాకే.

ఇవేవీ కాకపోతే న్యూమోథొరాక్స్. స్క్రూ బిగించేటప్పుడో, పక్కటెముక కోసేటప్పుడో ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పలచని పొరకి చిల్లు పడి, గాలి చేరకూడని చోట చేరుతుంది. దీన్ని కనిపెట్టే పద్ధతి అచ్చం సైకిల్ షాపుదే! సర్జన్ గాయం నిండా సెలైన్ పోస్తాడు, నేను బ్యాగు నొక్కి పడతాను. బుడగలొస్తే పంక్చరే. అవసరమైతే ఛాతీలో గొట్టం వేస్తారు. బీపీ కూడా పడిపోతుంటే ఎక్స్‌రే కోసం ఆగం, ముందు సూదితో గాలి వదిలేస్తాం.

దేనికీ లొంగకపోతే గాయం కప్పేసి పిల్లని ట్రాలీ మీదకి వెల్లకిలా తిప్పాలి. అందుకే తలుపు బయట ఖాళీ ట్రాలీ ఒకటి చివరిదాకా ఉండాలి. ఓసారి ఎవరో దాన్ని వార్డుకి తోసుకుపోయారు. నా అరుపు బీచ్ రోడ్డు దాకా వినబడే ఉంటుంది.

ఆపరేషన్ అయ్యాక నొప్పి భయంతో పిల్లలు పైపైనే గాలి పీలుస్తారు. ఊపిరితిత్తి అడుగు ముడుచుకుంటుంది, అక్కడ న్యుమోనియా కూర్చుంటుంది. అందుకే మూడు బంతుల స్పైరోమీటర్ ఇస్తాం. వార్డులో అమ్మమ్మలు పక్కనే కూర్చుని "ఊదమ్మా, గట్టిగా ఊదు" అంటుంటారు. ఊదడం కాదు అమ్మమ్మా, పీల్చాలి. పీలిస్తేనే బంతి లేస్తుంది. ఆపరేషన్‌కి ముందే, ఇంట్లో టీవీ చూస్తూ అయినా సరే, అలవాటు చేయించండి.