హాగ్వార్ట్స్‌కి మన విద్యాహక్కు చట్టం గుర్తింపు ఇస్తుందా?

(ఆర్కే బీచ్, సాయంత్రం. కెమెరాకి ఎదురుగా మాట్లాడుతూ.)

గాజువాకలో ఏడో తరగతి చదివేటప్పుడు లెక్కల మాస్టారు బోర్డు దగ్గరికి పిలిస్తే నా చేతిలో చాక్‌పీస్ చెమటకి మెత్తబడిపోయేది. లెక్క వచ్చినా సరే, ఆయన వెనక నిలబడ్డారంటే చాలు, ఎక్కాలు కూడా మర్చిపోయేదాన్ని. ఆ ఏడాదే హ్యారీ పాటర్ చదివాను. ఆ కథలోని మాయల బడి హాగ్వార్ట్స్ నుంచి నాకూ ఉత్తరం వస్తే బాగుండునని ఎంత కోరుకున్నానో!

ఈమధ్య మళ్లీ చదువుతుంటే అనుమానం వచ్చింది. అదే బడి మన భీమిలి రోడ్డులో, ఏ కొండ మీదో ఉంటే 2009 విద్యాహక్కు చట్టం కింద గుర్తింపు వస్తుందా?

(తెర మీద: చట్టం, 6 నుంచి 14 ఏళ్లు)

ఈ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. హాగ్వార్ట్స్‌లో పిల్లలు పదకొండేళ్లకి చేరతారు కాబట్టి మొదటి మూడేళ్లూ దీని కిందికే వస్తాయి.

మంచి ముందు చెప్పుకుందాం. ఎంట్రన్స్ టెస్టు లేదు. మన చట్టం 13వ సెక్షనూ అదే అంటుంది. పుస్తకాలు కొనలేని పిల్లలకి సాయం చేసే నిధి ఉంది. లైబ్రరీ, ఆటస్థలం, కడుపునిండా భోజనం, అన్నీ ఉన్నాయి.

టీచర్ల దగ్గరికొస్తే గుండె జారిపోతుంది. మన దగ్గర ఎనిమిదో తరగతి వరకు చెప్పాలంటే టెట్ అనే టీచర్ల అర్హత పరీక్ష పాసవ్వాలి. అక్కడ చేతబడుల నుంచి కాపాడుకోవడం నేర్పే సబ్జెక్టుకి ఆరేళ్లలో ఆరుగురు మారారు. రెండో ఏడాది వచ్చినాయన మొదటి క్లాసులోనే 54 ప్రశ్నల టెస్టు పెట్టాడు. అన్నీ ఆయన గురించే! మొదటి ప్రశ్న ఆయనకి ఇష్టమైన రంగేంటని.

(కట్. మెట్ల బొమ్మ.)

బిల్డింగ్ సంగతి ఒక్క మాటలో. అడ్డంకులు లేకుండా ప్రతి బిడ్డా లోపలికి రాగలగాలని చట్టం అంటుంది. అక్కడ మెట్లే కదిలిపోతుంటాయి.

అసలు విషయం 17వ సెక్షన్. పిల్లల్ని కొట్టకూడదు అని ఊరుకోలేదు ఆ సెక్షన్, మానసికంగా వేధించకూడదని కూడా చెప్పింది. హాగ్వార్ట్స్‌లో మొదటి ఏడాదే ముగ్గురు పిల్లలు రాత్రిపూట బయట దొరికారని వాళ్ల హౌస్‌కి, అంటే బడిలో వాళ్లుండే జట్టుకి, తలా 50 పాయింట్లు కోశారు. మొత్తం 150. హౌస్ అంతా వాళ్లని వెలేసినట్టు చూసింది. శిక్ష అక్కడితో ఆగలేదు. రాత్రి పదకొండు గంటలకి అడవికి పంపారు, అందులో ఏదో యూనికార్న్‌లని, అంటే ఒంటికొమ్ము గుర్రాల్ని, చంపుతోందని తెలిసి కూడా. ఆ ముగ్గురిలో నెవిల్ ఉన్నాడు. పాపం, వాడు బయటికొచ్చిందే స్నేహితుల్ని హెచ్చరించడానికి.

(కెమెరా దగ్గరగా.)

నెవిల్ గురించి కాస్త ఆగి మాట్లాడాలి. వాడి అమ్మానాన్నలని శత్రువులు హింసించి మతి పోగొట్టారు. ఇద్దరూ ఆసుపత్రిలోనే ఉన్నారు. అలాంటి పిల్లాణ్ణి మూడో ఏడాదిలో ఒక టీచరు అడిగాడు, నీకు అన్నింటికంటే దేనంటే భయం అని. వాడు చెప్పింది ఆ శత్రువుల పేరు కాదు, మాయమందులు కలపడం నేర్పే స్నేప్ మాస్టారి పేరు. మాయమందు సరిగ్గా కలపకపోతే నీ పెంపుడు కప్పకే తాగిస్తానని క్లాసందరి ముందూ బెదిరించింది ఆయనే. మందు సరిచేసుకోవడానికి సాయం చేసిన క్లాస్‌మేట్ హెర్మయనీకి అయిదు పాయింట్లు కోసిందీ ఆయనే.

పిల్లలు భయం, ఆందోళన లేకుండా చదువుకోవాలని మన చట్టం 29వ సెక్షన్ రాసుకుంది. ఆ ఒక్క వాక్యం దగ్గర హాగ్వార్ట్స్ ఫెయిల్. నేనైతే గుర్తింపు ఇవ్వను.

కానీ ఆ ప్రశ్న అడిగిన లూపిన్ ఉన్నాడు చూడండి, ఆయన్ని ఏ బడిలోనైనా వేయొచ్చు. వీడికి కష్టమైన పని అప్పగించకు అని స్నేప్ అందరి ముందూ అంటే, నేను ముందు పిలవాలనుకున్నది నెవిల్‌నే అన్నాడు. ఎదుటివాళ్ల భయం రూపంలోకి మారే ఓ మాయజీవి స్నేప్‌లా కనబడితే, దానికి వాళ్ల బామ్మ బట్టలు తొడిగించి, వాడి చేతే క్లాసంతటినీ నవ్వించాడు.

నాకూ ఎనిమిదిలో అలాంటి సైన్స్ మేడమ్ దొరికారు. ఒకరోజు చాక్‌పీస్ నా చేతికిచ్చి, "నువ్వు చెప్పమ్మా, నేను వింటాను" అని వెళ్లి నా బెంచీలో కూర్చున్నారు. నీటిచక్రం బొమ్మ పూర్తిగా గీశాను. బెల్ కొట్టాక చూసుకుంటే చాక్‌పీస్ పొడిగానే ఉంది.