కథలో మాయ, చెరువులో రొట్టె

అందరికీ నమస్కారం.

ఫాంటసీ రాసే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "సార్, నా కథలో మాయ ఎట్టా ఉండాలి? నిప్పా, నీళ్లా, మంత్రదండమా?" నేను వాళ్లని తిరిగి అడుగుతా: మాయ చేసినవాడు దానికి ఏం చెల్లిస్తాడు? అది తేలితే నిప్పో నీళ్లో దానంతటదే తేలుతుంది.

ఇందుకు నెల్లూరు దాటి పోనక్కర్లేదు. మొహర్రం నెలలో రొట్టెల పండుగప్పుడు స్వర్ణాల చెరువు దగ్గర చూడండి. బారాషహీద్ దర్గా పక్కన జనం నీళ్లలో నిలబడి ఉంటారు. ఒకామె తల మీద కొంగు కప్పుకుని, రొట్టె చేతబట్టి "ఉద్యోగం రొట్టె, ఉద్యోగం రొట్టె" అని పిలుస్తుంటుంది. పోయినేడు ఆ రొట్టె తిన్నది, కొడుక్కి ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు అదే కోరికున్న ఇంకొకరి చేతిలో రొట్టె పెడుతోంది. తీసుకున్నతను తడికాళ్లతోనే తుంచి నోట్లో వేసుకుంటాడు.

దీన్ని నేను మాయ అనడంలేదు. ఇది హిందువులూ ముస్లింలూ కలిసి కాపాడుకుంటున్న నమ్మకం. కథకుడిగా నేను నేర్చుకున్నది దాని కట్టుబాటు. ఏ కోరికకి ఆ రొట్టె. పెళ్లి రొట్టె తిని ఉద్యోగం కోరుకోరు. నెరవేరితే మళ్లీ ఆ నీళ్లలోకే దిగి బాకీ తీర్చాలి. కాసేపు గట్టున నిలబడితే చాలు, ఎవరూ చెప్పకుండానే ఇదంతా బోధపడుతుంది. మీ మాయ కూడా పాఠకుడికి అట్టా బోధపడాలి.

అంతా వివరించాలా అంటే, అక్కర్లేదు. మాయల ఫకీరు బాలనాగమ్మని కుక్కగా ఎట్టా మార్చాడో మన బుర్రకథల్లో ఎవరూ విడమర్చి చెప్పరు. తెలియదు కాబట్టే భయం. కానీ వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని మాత్రం ముందే చెబుతారు. ఆ గుట్టు మనకి తెలుసు కాబట్టే చిలక మెడ విరిస్తే న్యాయం అనిపిస్తుంది. మాయతో చిక్కు విప్పాలంటే ఆ మాయ పాఠకుడికి ముందే అర్థమై ఉండాలని అమెరికా రచయిత బ్రాండన్ శాండర్సన్ 2007లో ఒక వ్యాసంలో సూత్రంగా రాశాడు. మన కథలు చెప్పే తాతలకి అది అలవాటైన పని.

నా మొదటి నవలలో హీరోకి ఉంగరం ఇచ్చాను. ఏ కష్టమొచ్చినా అదే తీర్చేది. నూరు పేజీలు దాటాక వాడికి ఏమవుతుందోనన్న బెంగ నాకే పోయింది. పక్కన పెట్టేశాను.

ఇట్టా ప్రయత్నించండి. ఒక పిల్ల దగ్గర మార్కాపురం పలక ఉంది, మనం అక్షరాలు దిద్దుకున్నామే, అట్టాంటిదే. దానిమీద ఎవరి పేరు రాస్తే వాళ్ల జబ్బు నయమవుతుంది. పలకలో నాలుగు పేర్లే పడతాయి. చెరిపితే జబ్బు తిరిగొస్తుంది. మొదటి పేరు వాళ్ల అవ్వది. అర్ధరాత్రి పక్కింటామె, ఒళ్లు కాలిపోతున్న పసిబిడ్డని ఎత్తుకుని తలుపు కొట్టింది. పిల్ల బలపం తీసింది. పలక నిండా పేర్లున్నాయి. అవ్వ నిద్రపోలేదు, మంచం మీద నుంచి చూస్తోంది.

కాగితాలు తీయండి. ఇక్కడి నుంచి మీరు రాయండి.