సంక్రాంతికి ఇల్లు నిండినప్పుడు ఏ ఆట తీయాలి? టికెట్ టు రైడ్, ఓవర్‌కుక్డ్, మన అష్టాచెమ్మా రివ్యూ

అందరికీ నమస్కారం అండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. సంక్రాంతికి మన గోదావరి జిల్లాల్లో ఇళ్ళు ఎలా నిండిపోతాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి అందరూ దిగిపోతారు. తీరా వచ్చాక మగవాళ్ళు పందెం బరి దగ్గరికో పేకాటకో వెళ్ళిపోతారు, ఆడవాళ్ళు పొయ్యి దగ్గరే ఉండిపోతారు, పిల్లలు తలో ఫోను పట్టుకుని తలో మూలా సర్దుకుంటారు. ఏడాదికోసారి కలిసే మనుషులు ఇలా ముక్కలైపోతే నాకు చాలా బాధగా ఉంటుంది. వాళ్ళందర్నీ ఓ రెండు గంటలు ఒకే చాప మీద కూర్చోబెట్టగల ఆటలేంటో చెబుదామనే ఈ వీడియో చేస్తున్నాను.

ముందుగా నేను ఆటని ఎలా చూస్తానో చెప్తాను. బొమ్మలు బాగున్నాయా, పెట్టె ఎంత పెద్దది అన్నవి నాకు తర్వాత సంగతి. ఓడిపోతున్నవాళ్ళు కూడా చివరిదాకా ఆటలోనే ఉంటారా అన్నది మొదట చూస్తాను. మనందరం చిన్నప్పుడు ఆడిన బిజినెస్ ఆట గుర్తుందా? ఒకళ్ళు దివాలా తీస్తే వాళ్ళ పని అయిపోయినట్టే. మిగతావాళ్ళు ఇంకో గంట ఆడతారు, ఆ పిల్లాడు ముఖం వేలాడేసుకుని పక్కన కూర్చుంటాడు. పండగ పూట అలాంటి ఆట నేను బయటికి తీయను.

ఇదిగోండి, ఇది టికెట్ టు రైడ్. అలన్ ఆర్. మూన్ తయారు చేశారు, 2004లో వచ్చింది. జర్మనీలో బోర్డు గేములకి ఇచ్చే స్పీల్ డెస్ యారెస్ అవార్డు కూడా ఆ ఏడాదే అందుకుంది. ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఆడొచ్చు. బోర్డు మీద అమెరికా మ్యాపు ఉంటుంది, ఊళ్ళ మధ్య రైలు మార్గాలు ఉంటాయి. ఒక్కొక్కరికి 45 ప్లాస్టిక్ బోగీలు ఇస్తారు. మన వంతు వచ్చినప్పుడు మూడు పనుల్లో ఒక్కటే చేయాలి. రంగు కార్డులు తీసుకోవడం, చేతిలో ఉన్న కార్డులతో ఒక లైను వేయడం, లేదంటే కొత్త టికెట్లు తీసుకోవడం. టికెట్ మీద రెండు ఊళ్ళూ, దానికెన్ని పాయింట్లో ఉంటాయి. ఆట ముగిసేలోగా మన బోగీలతో ఆ రెండూ కలిస్తే ఆ పాయింట్లు వస్తాయి, కలవకపోతే అన్నే పాయింట్లు మన లెక్కలోంచి పోతాయి. సియాటిల్ నుంచి న్యూయార్క్ టికెట్‌కి 22 పాయింట్లు. వస్తే పండగే, రాకపోతే మాత్రం గట్టి దెబ్బ.

రూల్స్ చెప్పడానికి పది నిమిషాలు చాలు. నాకు బాగా నచ్చిన విషయం ఇంకోటుంది. ఈ టికెట్‌ని కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను చూడండి. ఊళ్ళ పేర్లు ఇంగ్లీషులో ఉన్నా, కార్డు మీదే చిన్న మ్యాపు వేసి ఆ రెండు ఊళ్ళూ ఎక్కడున్నాయో గుర్తు పెట్టారు. మా మామ్మకి ఇంగ్లీషు చదవడం రాదు. కార్డులో చుక్క ఎక్కడుందో చూసి, బోర్డు మీద అదే చోట వేలు పెడుతుంది. రంగు కార్డుల మీద రంగుతో పాటు ఒక గుర్తు కూడా ఉంటుంది, అదే గుర్తు మార్గాల మీదా ఉంటుంది. రంగులు సరిగ్గా ఆనని పెద్దవాళ్ళకి అది ఎంత సాయమో ఆడితే తెలుస్తుంది.

పైగా అమెరికా మ్యాపు కదండీ, మన వైపు ఇళ్ళల్లో డల్లాస్ పేరు తెలియని మామ్మ ఎక్కడుంది చెప్పండి. ఒకసారి మామ్మ, బాబాయ్, నేను ఆడుతున్నాం. బాబాయ్ దగ్గర కాన్సాస్ సిటీ నుంచి హ్యూస్టన్ టికెట్ ఉంది. ఓక్లహోమా సిటీ దాకా లైను వేసేశాడు. అక్కణ్ణుంచి డల్లాస్‌కి రెండు బోగీలు, డల్లాస్ నుంచి హ్యూస్టన్‌కి ఒక్క బోగీ, మొత్తం మూడింటితో పని అయిపోతుంది. మామ్మ తన వంతులో ఒక్క కార్డు వేసి, డల్లాస్‌కీ హ్యూస్టన్‌కీ మధ్య తన నీలం బోగీ పెట్టింది. ఆ లైనుతో తన టికెట్లకి ఏ సంబంధమూ లేదు. "పెద్దది ఇక్కడ, చిన్నోడు అక్కడ. మధ్యలో ఓ బండి ఉండొద్దా మరి?" అంది. మనవరాలు డల్లాస్‌లో, మనవడు హ్యూస్టన్‌లో ఉంటారు. ఆ రెండు ఊళ్ళ మధ్య గీసింది జంట మార్గమే, కానీ ముగ్గురు ఆడేటప్పుడు అందులో ఒకటే వాడాలి. దాంతో బాబాయ్ లిటిల్ రాక్, న్యూ ఆర్లియన్స్ చుట్టూ తిరిగి ఏడు బోగీలు పెట్టి హ్యూస్టన్ చేరాల్సి వచ్చింది. "అమ్మా, ఎంత పని చేశావే!" అని ఆయన నెత్తి పట్టుకున్నాడు, వంటింట్లోంచి అత్తయ్య కూడా వచ్చి కూర్చుంది. తర్వాతి ఆటకి నలుగురం అయ్యాం.

కోనసీమ చుట్టాలు వస్తే ఈ బోర్డు ముందు ఇంకో చర్చ మొదలవుతుంది. అమలాపురానికి ఇంకా రైలు లేదు కదండీ. కోటిపల్లి నుంచి నర్సాపురం లైను 2000-01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయల మీదా వంతెనలు కట్టాలి. కాకినాడ–కోటిపల్లి పట్టాలు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పీకేస్తే, మళ్ళీ రైలు నడిచింది 2004లో. అంటే ఈ ఆట పుట్టిన ఏడాదే. మా అంబాజీపేట మావయ్య బోర్డు మీద ఒక్కో బోగీ పెడుతూ ఈ లెక్కలన్నీ చెప్తుంటే, పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి మరీ వింటారు.

లోటుపాట్లు కూడా చెప్పాలి కదా. అడ్డం పడడం ఈ ఆటలో భాగం. ఎనిమిదేళ్ళ పిల్లకి తన లైను ఎవరో మూసేస్తే ఏడుపు రావచ్చు. మీ ఇంట్లో అలాంటి పిల్లలుంటే 2005లో వచ్చిన యూరప్ బోర్డు తీసుకోండి. అందులో ఒక్కొక్కరికి మూడు స్టేషన్లు ఇస్తారు. దారి మూసుకుపోతే స్టేషన్ పెట్టి పక్కవాళ్ళ లైను వాడుకోవచ్చు, వాడని స్టేషన్‌కి నాలుగేసి పాయింట్లు వస్తాయి. సొరంగాలనీ, ఫెర్రీలనీ రూల్స్ కాస్త పెరుగుతాయి గానీ, గొడవలు తగ్గుతాయి. ఇండియా మ్యాపు కూడా 2011లో వచ్చింది. కానీ అది విడిగా ఆడడానికి కుదరదు, బోగీలూ కార్డులూ మొదటి పెట్టెలోవే వాడాలి. అందుకని ముందే అది కొనకండి.

ఇక మన డెల్టాలో ఉన్నవాళ్ళకి అసలు ఇబ్బంది చెమ్మ. చుట్టూ కాలవలూ చెరువులూ, వర్షాకాలం వస్తే అప్పడాలే మెత్తబడిపోతాయి, కార్డులు ఒక లెక్కా! అంచులు వంగిపోతాయి, ఒకదానికొకటి అతుక్కుంటాయి. కార్డులకి ప్లాస్టిక్ కవర్లు వేయండి, కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు ఒకటి రెండు పెట్టెలో పడేయండి. పెట్టెని అటక మీద కాకుండా బీరువాలో పెట్టండి. ఆడేటప్పుడు ఫ్యాన్ కింద కూర్చోక తప్పదు కాబట్టి, తీసేసిన కార్డుల మీద ఓ స్టీలు గ్లాసు బోర్లించండి.

వీడియో గేము ఒక్కటే చెప్తాను, ఓవర్‌కుక్డ్ 2. ఇది 2018లో వచ్చింది. టీవీకి గేమ్ కన్సోలో కంప్యూటరో పెట్టుకుని నలుగురి దాకా ఒకే వంటింట్లో పనిచేయాలి. ఒకళ్ళు కూరగాయలు తరగాలి, ఒకళ్ళు పొయ్యి చూసుకోవాలి, ఒకళ్ళు గిన్నెలు కడగాలి. ఈ రెండో భాగంలో పచ్చి దినుసులు అవతలివాళ్ళకి విసిరేయొచ్చు కూడా. గెలిచినా ఓడినా అందరూ కలిసే కాబట్టి నేను పెట్టుకున్న పరీక్షలో ఇది నెగ్గినట్టే. కానీ టెన్షన్ మామూలుగా ఉండదు. గడియారం పరిగెడుతుంటే కంట్రోలర్ అలవాటు లేని పెద్దవాళ్ళు కంగారు పడిపోతారు. అలాంటివాళ్ళు ఉంటే, 2020లో రెండు భాగాలూ కలిపి తెచ్చిన ఆల్ యు కెన్ ఈట్ తీసుకోండి, అందులో అసిస్ట్ మోడ్ ఆన్ చేస్తే సమయం పెరుగుతుంది. మా ఇంట్లో ఈ గేములో నాయకురాలు అత్తయ్య. జాయ్‌స్టిక్ ఎలా తిప్పాలో ఇప్పటికీ సరిగ్గా రాదు గానీ, సోఫాలో కూర్చుని ఎవరు ఏ పని పట్టుకోవాలో ఆవిడే చెప్తుంది. అల్లుడు గిన్నెలు కడుగుతాడు.

ఇవేవీ కొనక్కర్లేదు అనుకుంటే, సుద్దముక్కతో గచ్చు మీద ఐదు గళ్ళు నిలువు, ఐదు గళ్ళు అడ్డం గీయండి. నాలుగు గవ్వలు, తలో నాలుగు చింతపిక్కలో గాజు ముక్కలో ఉంటే అష్టాచెమ్మా మొదలుపెట్టొచ్చు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే నాలుగు, నాలుగూ బోర్లా పడితే ఎనిమిది, అదే అష్టా, ఆ రెండిట్లో ఏది పడినా మళ్ళీ వెయ్యొచ్చు. ఇంటూ గుర్తున్న గడిలో ఉన్న కాయని ఎవరూ చంపలేరు. ఎంత వెనకబడ్డా రెండు అష్టాలు పడితే మళ్ళీ పైకి రావచ్చు, అందుకే ఓడిపోతున్నవాళ్ళు లేచి వెళ్ళరు. నా లెక్కలో ముందు చెప్పిన ఆ రెండు ఆటలకీ ఇది ఏమాత్రం తీసిపోదు.

కాకపోతే దీని రూల్స్ ఇంటికో రకంగా ఉంటాయి. మా ఇంట్లో ఒక్క కాయనైనా చంపితేనే లోపలి గళ్ళలోకి వెళ్ళనిస్తారు. అంబాజీపేట మావయ్యవాళ్ళు ఆ నియమం అసలు ఒప్పుకోరు, ప్రతి పండగకీ ఆట మొదలయ్యే ముందు దీని మీదే వాదన. మీ ఊళ్ళో ఎలా ఆడతారో, ఊరి పేరుతో సహా కింద రాయండి. మావయ్యకి చదివి వినిపిస్తాను.