తేలుతున్న చిట్టెలుక ఏం చెబుతోంది?

సభకు నమస్కారం.

గాజు సిలిండరులో నీళ్లు పోసి అందులో చిట్టెలుకను వదులుతారు. దానికి కాళ్లు కింద ఆనవు, పైన అంచు అందదు. మొదట గోడ ఎక్కాలని పెనుగులాడుతుంది, కాసేపు ఈదుతుంది, చివరికి ముక్కు మాత్రం నీటిపైన ఉంచి కదలకుండా తేలుతుంది. పరీక్ష ఆరు నిమిషాలు. అందులో చివరి నాలుగు నిమిషాల్లో ఎన్ని సెకన్లు కదలకుండా ఉందో లెక్కిస్తారు. మందు వేసిన ఎలుక తక్కువసేపు తేలితే, ఆ మందు డిప్రెషన్‌కు పనికిరావచ్చని భావిస్తారు.

1977లో రోజర్ పోర్సోల్ట్ బృందం ఈ పరీక్షను మందుల తొలి వడపోత కోసం ప్రతిపాదించింది. అయితే, ఆ తేలడానికి వారు ‘నిస్పృహ’ అని పేరు పెట్టారు. నా దృష్టిలో చిక్కు ఆ పేరుతోనే మొదలైంది, ఎందుకంటే వడపోతకు వాడిన జల్లెడనే తర్వాతివారు జబ్బుకు నమూనాగా చూడసాగారు. బయటపడే దారి లేదని గ్రహించిన ప్రాణి ఒంట్లో శక్తిని మిగుల్చుకోవడానికి తేలుతోందని అనుకోవడానికీ అంతే ఆస్కారం ఉంది.

కాలం లెక్క కూడా కుదరదు. మనిషికి ఈ మందులు గుణం చూపడానికి వారాలు పడుతుంది; చిట్టెలుకలో ఒక్క మోతాదుకే, గంటలోపే ఫలితం కనిపిస్తుంది. పైగా చురుకు పుట్టించే ఆంఫెటమిన్ అనే ఉత్ప్రేరకం వేసినా ఎలుక తక్కువసేపే తేలుతుంది.

అసలు డిప్రెషన్‌కు వాడిన మొదటి మందులు ఎలుకల నుంచి రాలేదు. 1950లలో క్షయ రోగులకు ఇప్రోనియాజిడ్ అనే మందు ఇచ్చినప్పుడు వారిలో హుషారు పెరగడం వైద్యులు గమనించారు. స్కిజోఫ్రీనియాకు ప్రయత్నించిన ఇమిప్రమిన్ కుంగుబాటుకు పనిచేస్తుందని స్విట్జర్లాండ్‌లో మానసిక వైద్యుడు రోలాండ్ కూన్ కనిపెట్టాడు. ఈత పరీక్ష అటువంటి పాత మందులను గుర్తుపట్టగలదని తేలిన తర్వాతే దానికి గౌరవం దక్కింది కాబట్టి, పాతవాటిని పోలిన మందును అది పట్టిస్తుంది, పూర్తిగా కొత్త దారిలో పనిచేసేదాన్ని వదిలేసే అవకాశం ఉంది.

ఇంకో నమూనా సంగతి చూడండి. తల్లి నుంచి వేరుచేసిన గినీ పిగ్ పిల్లల అరుపులను నాడీకణాల మధ్య సందేశాలు మోసే ‘సబ్‌స్టెన్స్ పి’ అనే రసాయనాన్ని అడ్డుకునే మందు తగ్గించిందని 1998లో ప్రకటించారు. డిప్రెషన్ రోగులపై జరిపిన తొలి పరీక్షలోనూ ఫలితం బాగానే వచ్చింది, కానీ పెద్ద పరీక్షల్లో అది ఉత్తుత్తి మాత్రను మించలేకపోయింది. అప్రెపిటంట్ అనే ఆ మందును ఇప్పుడు కీమోథెరపీ వల్ల వచ్చే వాంతులకు వాడుతున్నారు.

జంతువులతో పనే లేదని నేను అనను. ఒత్తిడికి గురైన మెదడులో నాడీకణాల మధ్య బంధాలు ఎలా మారతాయో చూడటానికి అవి కావాలి. అపరాధభావం, ఆత్మహత్య ఆలోచన మాత్రం ఎలుకలో కొలవలేం.

మన ఫార్మసీ కళాశాలల్లో ఆకుల కషాయాలను ఇంకా ఈ సిలిండరులోనే పరీక్షిస్తున్నారు. నేనూ విద్యార్థిగా ఉన్నప్పుడు అదే చేసి, ‘డిప్రెషన్‌ను తగ్గించే గుణం ఉంది’ అని థీసిస్‌లో రాశాను. ఇప్పుడు నా విద్యార్థులు ఆ వాక్యం రాసుకొస్తే కొట్టేసి, ‘కదలకుండా ఉన్న సమయం తగ్గింది’ అని రాయిస్తున్నాను.