పని ఎక్కువైతేనే టెన్షనా?

శ్రోతలకు నమస్కారం.

జూన్, జూలై నెలల్లో చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. రైతు ఆ నీడనే కూర్చుని ఉంటాడు. చేయడానికి పనేమీ లేదు. అయినా కోత కోసిన రోజు కూడా లేనంత టెన్షన్ అప్పుడు పడతాడు. లోపలికి ఎప్పుడు పిలుస్తారో, ఈలోపు కాయ మెత్తబడుతుందేమో, ధర ఎంత కడతారో, ఏదీ అతని చేతిలో లేదు. పిలిచే టైము ముందే చెబితే ఆ భారం సగం దిగుతుందని నా నమ్మకం.

అమెరికా పరిశోధకుడు రాబర్ట్ కరాసెక్ 1979లో చెప్పింది దాదాపు ఇదే. పనిభారం ఎక్కువగా ఉండి, ఆ పని ఎలా చేయాలో నిర్ణయించుకునే వీలు తక్కువగా ఉన్నచోట మనిషి ఎక్కువ నలిగిపోతాడు. తిరుపతిలో బ్రహ్మోత్సవాలప్పుడు హోటల్ యజమానికీ, బల్లలు తుడిచే కుర్రాడికీ ఇద్దరికీ ఊపిరాడదు. కానీ యజమాని కాసేపు లేచి బయటికి వెళ్లగలడు. కుర్రాడు అడగాలి.

ఒత్తిడి పూర్తిగా చెడ్డదేం కాదు. ఘాట్ రోడ్డు మలుపులో ముందు బండి ఆగితే చటుక్కున బ్రేకు తొక్కించేది అదే. మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను, ఆ వెనకే కార్టిసాల్‌ను వదులుతాయి. గుండె వేగం, బీపీ, రక్తంలో చక్కెర పెరుగుతాయి. ప్రమాదం తప్పాక అన్నీ దిగిపోవాలి. రోజుల తరబడి దిగకపోతేనే నిద్ర, అరుగుదల, బీపీ అన్నీ గాడి తప్పుతాయి.

అలాంటివారికి "టెన్షన్ పడకు" అని చెప్పడమంత దండగ సలహా ఇంకోటి లేదు. చేతిలో ఉన్న చిన్న విషయమేదో ఒకటి పట్టుకోవడం మేలు. షిఫ్టుల ఉద్యోగమైతే పని తగ్గించమని కాదు, షిఫ్టు మార్పు ముందుగా చెప్పమని అడగండి. నాలుగు పనులు ఒకేసారి మీద పడితే ఏది ముందు కావాలో పై అధికారి నోటితోనే చెప్పించుకోండి. గుండె దడదడలాడుతుంటే ఊపిరి పీల్చినదానికంటే నెమ్మదిగా వదలండి, గుండె వేగం కాస్త తగ్గుతుంది. మందు కొట్టి నిద్ర తెచ్చుకుందామనుకునేవారికి ఒక మాట: మద్యం కునుకు పట్టిస్తుంది కానీ అర్ధరాత్రి లేపేస్తుంది.

రెండు వారాలైనా నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా ఆలస్యం చేయకండి. మానసిక ఇబ్బందుల్లో ఫోనులో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.